పెయ్యలన్నీ ఒకేసారి ఎదకు రావాలంటే ఏది మేలు?

పది పెయ్యలున్న కొట్టంలో ఎద కనిపెట్టడమే పెద్ద పని. ఒకటి రాత్రి ఎదకొచ్చి తెల్లారేసరికి చల్లబడుతుంది, ఇంకొకటి మూగ ఎద, లక్షణాలేవీ పైకి కనిపించవు. అన్నీ ఒకే వారంలో ఎదకొస్తే వీర్యదానం చేసే గోపాలమిత్రను ఒక్కసారి పిలిస్తే సరిపోతుంది, ఈతలూ దగ్గర దగ్గరగా పడతాయి. అందుకు ఎక్కువగా వాడే హార్మోన్ పద్ధతులు మూడు.

చవకైనది ప్రోస్టాగ్లాండిన్ సూది. ఇది అండం విడుదలయ్యాక అండాశయం మీద ఏర్పడే కార్పస్ లూటియం అనే గడ్డను కరిగిస్తుంది, రెండు నుంచి ఐదు రోజుల్లో పెయ్య ఎదకొస్తుంది. అసలు కార్పస్ లూటియం లేని పెయ్యకు వేస్తే మందు దండగ. ఎద అయిన మొదటి ఐదు రోజుల్లో వేసినా అంతే. అందుకే 11 నుంచి 14 రోజుల ఎడంతో రెండు సూదులు వేస్తారు. మొదటి దానికే ఎదకొచ్చినవాటికి వెంటనే వీర్యదానం చేయించి, మిగిలినవాటికే రెండోది వేయిస్తే ఖర్చు తగ్గుతుంది. ముందు చూడి పరీక్ష మాత్రం తప్పనిసరి. మందలో ఆంబోతు తిరుగుతుంటే మీకు తెలియకుండా కట్టిన చూలు ఈ సూదితో పోతుంది. మందు చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది కాబట్టి గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు.

సిడార్ ఖరీదెక్కువ. ఎదను ఆపి ఉంచే ప్రొజెస్టరాన్ హార్మోన్ నింపిన ఈ టీ ఆకారపు పరికరాన్ని యోనిలో ఐదు నుంచి ఏడు రోజులు ఉంచి, తీసేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్ వేస్తారు. రెండు మూడు రోజుల్లో ఎద. ఈడుకొచ్చినా ఇంకా ఎద మొదలవని పెయ్యల్లో కొన్నింటిని కూడా ఇది కదిలిస్తుంది, సూది ఒక్కటే ఆ పని చేయలేదు. బయట వేలాడే దారాన్ని పక్క పెయ్యలు నమిలి లాగేస్తాయి, పొట్టిగా కత్తిరించమనండి. తీసినప్పుడు చీములాంటి తెల్లటి జిగురు కనిపిస్తే కంగారు పడొద్దు, మామూలుగా అదే తగ్గిపోతుంది.

మూడోదైన ఓవ్‌సింక్‌లో ఎద చూడక్కర్లేదు: మొదట అండాన్ని విడుదల చేయించే జీఎన్ఆర్‌హెచ్ హార్మోన్ సూది, ఏడో రోజు ప్రోస్టాగ్లాండిన్, తొమ్మిదో రోజు మళ్లీ జీఎన్ఆర్‌హెచ్, మర్నాడు వీర్యదానం. పాడి ఆవులకు బాగుంటుంది గానీ పెయ్యలకు నేను వద్దంటాను. మొదటి సూదికి చాలా పెయ్యల్లో అండం విడుదల కాదు, కొన్ని చివరి సూదికి ముందే ఎదకొచ్చేస్తాయి.

పొద్దున్నా సాయంత్రం ఎద తీగలు (యోని నుంచి జారే జిగురు) చూసే మనిషి ఉండి, పెయ్యలు ఇప్పటికే ఎదకొస్తుంటే ప్రోస్టాగ్లాండిన్ చాలు. చూసే తీరిక లేకపోతే, ఎద మొదలవనివి ఉంటే సిడార్. ఆవు పెద్దయ్యాక తూగే బరువులో 60 శాతమైనా లేని పెయ్యకు మాత్రం ఈ డబ్బు దాణా మీద పెట్టండి. వీర్యదానం తర్వాత 18 నుంచి 24 రోజుల మధ్య మళ్లీ గమనించాలి. చూలు నిలవనివి కూడా ఇంచుమించు ఒకేసారి పొర్లుతాయి, అంటే మళ్లీ ఎదకొస్తాయి కాబట్టి వీర్యం స్ట్రాలు ముందే చెప్పి ఉంచుకోండి.