మెమరీ కార్డులోని బొమ్మను చిన్న తెరపై చూపాలంటే ఏ రకం ఫైలు మేలు?

చిన్న టీఎఫ్‌టీ (రంగుల ఎల్‌సీడీ) తెర, మెమరీ కార్డు, ఒక మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న కంప్యూటర్ చిప్) చేతికి రాగానే ఎవరికైనా మొదట పుట్టే కోరిక ఒక ఫొటో చూడాలని. ఏ తెర కొనాలి, ఏ బోర్డు మంచిది అని అందరూ ఆరా తీస్తారు. కార్డులో బొమ్మను ఏ రూపంలో దాచాలన్నది మాత్రం అంతగా పట్టించుకోరు. బొమ్మ రెప్పపాటులో ప్రత్యక్షమవుతుందా, ఒక్కో గీతగా పాకుతూ వస్తుందా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ముందు లెక్క చూద్దాం. ఐఎల్ఐ9341 చిప్‌తో వచ్చే తెరలో 240 × 320, అంటే 76,800 పిక్సెళ్లు ఉంటాయి. ఒక్కో పిక్సెల్‌కు సాధారణంగా 16 బిట్లు పంపుతాం: ఎరుపుకు 5, ఆకుపచ్చకు 6, నీలానికి 5. మొత్తం 1,53,600 బైట్లు. ఆర్డుయినో ఊనో అనే మైక్రోకంట్రోలర్ బోర్డులో ఉన్న ర్యామ్ అంతా కలిపి 2,048 బైట్లే, అందులో 512 బైట్లను కార్డు లైబ్రరీయే తీసుకుంటుంది. కాబట్టి ఊనోలో బొమ్మను ముక్కలుగా చదివి ముక్కలుగానే తెరకు పంపాలి. 520 కిలోబైట్ల ర్యామ్ ఉన్న ఈఎస్‌పీ32 అనే మరో మైక్రోకంట్రోలర్ దగ్గరికి వస్తే కాస్త ఊపిరి ఆడుతుంది.

చాలామంది బీఎంపీ (బిట్‌మ్యాప్) రకం ఫైలుతో మొదలుపెడతారు, అది సరైన మొదలే. బొమ్మలు గీసే ఏ ప్రోగ్రామైనా దాన్ని భద్రపరుస్తుంది, మామూలు 24 బిట్ల బీఎంపీలో కుదింపు ఉండదు, బొమ్మ కొలతల వంటి వివరాలుండే 54 బైట్ల హెడర్ దాటగానే పిక్సెళ్లు వస్తాయి. అయితే మూడు మెలికలు ఉన్నాయి. రంగులు నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరుసలో ఉంటాయి. ప్రతి అడ్డువరుస పొడవునూ నాలుగుతో భాగించబడేలా చివర ఖాళీ బైట్లతో నింపుతారు. 240 పిక్సెళ్ల వరుసకు 720 బైట్లు, నింపాల్సిన పని లేదు, అందుకే ఈ సంగతి మరిచిన ప్రోగ్రాం కూడా పూర్తి తెర బొమ్మను చక్కగా చూపిస్తుంది. 50 పిక్సెళ్ల ఐకాన్ ఇస్తే వరుసకు 150 కాదు, 152 బైట్లు. అప్పుడు బొమ్మ ఏటవాలుగా జారిపోతుంది.

మూడో మెలిక, వరుసలు సాధారణంగా కింది నుంచి పైకి ఉండటం. బొమ్మను పైనుంచే గీయాలని పట్టుబట్టే ప్రోగ్రాం ప్రతి వరుసకూ ఫైలులో వెనక్కి వెళ్లాలి. కార్డులో ఫైళ్లను అమర్చే ఫ్యాట్ పద్ధతిలో వెనక్కి వెళ్లాలంటే క్లస్టర్ల (ఫైలు ముక్కల) గొలుసును మళ్లీ మొదటి నుంచి పట్టుకుని రావాల్సి వస్తుంది. ఆ శ్రమ అక్కర్లేదు. ఫైలును ఉన్నది ఉన్నట్టు చదువుతూ కింది వరుస నుంచే గీయండి. లేదా తెర చిప్‌లోని 0x36 రిజిస్టర్‌లో (చిప్ అమరిక ఉండే చోట) వరుసల దిశను తిప్పి, పని అయ్యాక మళ్లీ మామూలుగా పెట్టండి.

నెమ్మదితనానికి మరో పెద్ద కారణం ఒక్కో పిక్సెల్‌ను విడిగా గీయడం. ప్రతిసారీ గీయాల్సిన చోటుకు నిలువు హద్దు, అడ్డం హద్దు, రాత ఆదేశం పంపితే అవే 11 బైట్లు. రెండు బైట్ల రంగు కోసం పదకొండు బైట్ల సరంజామా! హద్దులను ఒక్కసారి చెప్పి, రంగులను ధారగా పోయాలి.

ఇక నా ఓటు ముడి ఫైలుకే. బొమ్మను కంప్యూటర్‌లోనే 16 బిట్ల రంగులకు మార్చి, పిక్సెళ్లను వరుసగా రాసిపెట్టుకోవడమే ఈ పద్ధతి. చిన్న పైథాన్ ప్రోగ్రాం చాలు. మైక్రోకంట్రోలర్‌కు లెక్కలేమీ మిగలవు: 512 బైట్లు చదవడం, పంపడం, అంతే. ఒక్కో రంగులోని రెండు బైట్లలో తెర పెద్ద (ఎగువ) బైటును ముందు అడుగుతుంది కాబట్టి ఫైలులోనూ అదే వరుసలో రాస్తే తారుమారు చేసే పని కూడా ఉండదు. ఆకాశం లాంటి చోట్ల 16 బిట్ల రంగు చారలు చారలుగా కనిపిస్తుంది. ఆ చారలను డిథరింగ్‌తో (పక్కపక్క పిక్సెళ్ల రంగులను కొద్దికొద్దిగా మార్చి) చెదరగొట్టే పనిని కంప్యూటర్‌లోనే తీరిగ్గా చేసుకోవచ్చు. నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

ఎరుపు నీలంగా కనిపిస్తే కంగారుపడకండి, ఆకుపచ్చను చూడండి. అది ఆకుపచ్చగానే ఉంటే ఎరుపు, నీలాల స్థానాలు మారినట్టు. అదే ఎర్రబారితే బైట్లు తారుమారైనట్టు.

వేగం సంగతి. ఊనోలో ఎస్‌పీఐ (కార్డుకూ తెరకూ డేటా పంపే తీగల పద్ధతి) గరిష్ఠ వేగం 8 మెగాహెర్ట్జ్. 1,53,600 బైట్లు దాటడానికి కనీసం 0.15 సెకన్లు. కార్డు, తెర ఒకే తీగలు పంచుకుంటే చదవడానికి ఒకసారి, రాయడానికి ఒకసారి, వెరసి 0.3 సెకన్ల పైమాటే. 24 బిట్ల బీఎంపీ అయితే చదవాల్సిందే 2,30,454 బైట్లు. ముడి ఫైలుకు లోటు లేకపోలేదు. కంప్యూటర్‌లో దాన్ని నేరుగా తెరిచి చూడలేం, తెర కొలత మారితే మళ్లీ తయారు చేసుకోవాలి.

బొమ్మలు ఇతరుల నుంచి వస్తుంటే జేపెగ్ తప్ప దారి లేదు. ఫోనులోని ఫొటోను ముడి ఫైలుగా మార్చి ఇమ్మని ఎవరిని అడుగుతాం? పైగా ఈ కొలత ఫొటో తరచూ ముప్పై కిలోబైట్ల లోపే ఉంటుంది, కార్డు నుంచి చదివేది తక్కువ. కుదించిన ఆ డేటాను విప్పడమే భారం. చిన్న చిప్‌ల కోసమే రాసిన టీజేపీజీడెక్ అనే జేపెగ్ లైబ్రరీకి కూడా మూడు కిలోబైట్ల పైచిలుకు ర్యామ్ కావాలి, అంటే ఊనోకు అందదు. ఈఎస్‌పీ32కు అది లెక్కలోనిది కాదు. ప్రోగ్రెసివ్ జేపెగ్‌ను (మొదట మసకగా, తర్వాత దశలవారీగా స్పష్టమయ్యే రకాన్ని) మాత్రం ఆ లైబ్రరీ విప్పదు. కంప్యూటర్‌లో బాగానే తెరుచుకునే ఫొటో తెరపై రాకపోతే మొదట అనుమానించాల్సింది దాన్నే. విప్పుతూనే పొడవు వెడల్పులను ఎనిమిదో వంతు వరకు తగ్గించే వీలుంది కానీ, 4000 × 3000 ఫొటో అప్పటికీ 500 × 375 దగ్గర ఆగుతుంది, తెరలో పట్టదు.

పీఎన్‌జీ ఐకాన్లకు, అక్షరాలున్న బొమ్మలకు బాగుంటుంది. దాన్ని విప్పడానికి సాధారణంగా 32 కిలోబైట్ల కిటికీ (అప్పటికే విప్పిన డేటాను ఉంచుకునే ర్యామ్) కావాలి కాబట్టి చిన్న చిప్‌లతో ఆ ఊసే వద్దు.

ఈఎస్‌పీ32 లాంటి బోర్డు ఉంటే జేపెగ్ సౌకర్యం, ముడి ఫైలు వేగం రెండూ కలిపి పొందవచ్చు. కొత్త జేపెగ్ కనిపించగానే ఒకసారి విప్పి, ఆ పిక్సెళ్లను అదే కార్డులో ముడి ఫైలుగా రాసేయండి. మొదటిసారి కాస్త ఆలస్యమవుతుంది, ఆ తర్వాత విప్పే పనే ఉండదు. ఇలా వెయ్యి బొమ్మలు పోగైనా 154 మెగాబైట్లు దాటవు.