ఎకోనార్మ్ సాచెట్: నులిపురుగుల మందు తర్వాత కుక్కకి లూజ్ మోషన్స్ అయితే పనికొస్తుందా?

ముందే చెప్పేస్తున్నా, ఇది మనుషుల మందు. డాక్టర్ రెడ్డీస్ వాళ్ళది, మామూలు మెడికల్ షాపులోనే దొరుకుతుంది, కుక్కలకి కూడా వెట్ డాక్టర్లు రాస్తుంటారు. మా మల్లికి (నాటు కుక్క, 14 కేజీలు) మా డాక్టర్ గారు రాస్తేనే తెచ్చాం. ఈ సాచెట్‌కి 5కి 4 మార్కులు ఇస్తున్నా.

సంగతేంటంటే మల్లికి మూడు నెలలకోసారి నులిపురుగుల మాత్ర వేస్తాం, ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్, ఫెబాంటెల్ మూడూ కలిపి ఉండేది, 10 కేజీలకి ఒక మాత్ర లెక్క. ఈసారి వేసిన సాయంత్రం నుంచే పల్చగా మొదలైంది, జిగురు కూడా పడింది, మధ్యలో సేమ్యాలాగా తెల్లగా ఏలికపాములు. మా అత్తయ్య గారు చూసి హడలిపోయారు, "మందు వికటించిందే అమ్మాయ్, వాము నీళ్ళు పట్టు" అని ఒకటే గొడవ. వికటించడం ఏం కాదు, పైరాంటెల్ పని చేసే తీరే అంత. పురుగుకి పక్షవాతం వచ్చినట్టు చేస్తుంది, అది పేగుని పట్టుకోలేక జారిపోయి మలంతో బయటికొచ్చేస్తుంది, లోపల పురుగులు ఎక్కువుంటే కడుపు కూడా అంత ఎక్కువ రేగుతుంది. బద్దెపురుగులైతే చాలాసార్లు లోపలే అరిగిపోతాయి, కంటికి కనపడవు కూడా. ఒకటి రెండు రోజులు ఇలా పల్చగా అవ్వడం, ఓసారి వాంతి చేసుకోవడం మామూలే, కుక్క హుషారుగా ఉండి నీళ్ళు తాగుతుంటే కంగారు పడక్కర్లేదన్నారు డాక్టర్ గారు. కాకపోతే మాత్ర వేసిన కాసేపటికే కక్కేస్తే మాత్రం ఫోన్ చెయ్యమన్నారు, మళ్ళీ వెయ్యాలా వద్దా అనేది మనం సొంతంగా తేల్చుకునేది కాదట.

ఇక సాచెట్ సంగతి. లోపల ఉండేది సాకరోమైసిస్ బౌలార్డి, 250 మిల్లీగ్రాములు. ఇది బ్యాక్టీరియా కాదు, ఈస్ట్, అంచేత పక్కన యాంటీబయాటిక్ నడుస్తున్నా చావదు, బ్యాక్టీరియాతో చేసిన ప్రోబయోటిక్స్‌కి (కడుపుకి మేలు చేసే సూక్ష్మజీవుల మందులు) ఆ భరోసా ఉండదు. కానీ చర్మానికో చెవికో ఫంగస్ మందు మింగిస్తున్నారనుకోండి, అప్పుడు ఇది వేస్టే, ఆ మందు దీన్ని కూడా చంపేస్తుంది. దీని పుట్టుక కథ భలే ఉంటుంది, 1920ల్లో బులార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇండోచైనాలో కలరా ఉన్నప్పుడు అక్కడి జనం లిచీ, మంగోస్టీన్ తొక్కలు మరిగించి తాగడం చూసి ఆ తొక్కల నుంచి ఈ ఈస్ట్‌ని వేరు చేశాడట. మన ఇళ్ళల్లో విరేచనాలకి దానిమ్మ తొక్క కషాయం ఇచ్చేవాళ్ళు కదా, చదవగానే అదే గుర్తొచ్చింది.

మాకు సగం సాచెట్ చొప్పున రెండు పూటలా రాశారు, మీ కుక్క బరువుని బట్టి మీ డాక్టర్‌ని అడగండి, కవర్ మీద కుక్క డోసు ఉండదు. వేడి అన్నంలో కలపకూడదు, ఈస్ట్ చచ్చిపోతుంది, చల్లారాకే. పెరుగు రెండు చెంచాల్లో కలిపి పెడితే మల్లి గిన్నె మొత్తం నాకేసింది, మాత్ర మింగించడానికి పడ్డ తిప్పలతో పోలిస్తే ఇది హాయి. పాలు పడని కుక్కలుంటాయి, వాటికి పెరుగు బదులు నీళ్ళలో కలపండి.

మరి 4 ఎందుకంటే, తగ్గింది సాచెట్ వల్లేనని నేను ఒట్టేసి చెప్పలేను. దాంతోపాటు తిండి కూడా మార్చేశాం, మెత్తగా వండిన అన్నం, చర్మం తీసి ఉడకబెట్టిన చికెన్, ఉప్పు కారం ఏం లేకుండా, ఉల్లి వెల్లుల్లి అయితే అసలు దగ్గరికే రానివ్వం, అవి కుక్కలకి విషం. కొంచెం కొంచెంగా రోజుకి నాలుగైదు సార్లు, ఉడికించిన తీపి గుమ్మడికాయ ఒక చెంచా. నీళ్ళ గిన్నె ఎప్పుడూ నిండుగా. వీటితో పాటు కడుపు దానంతట అది కూడా సర్దుకుంటుంది కదా, పొడికి ఎంత క్రెడిట్ ఇవ్వాలో ఎవరికి తెలుసు. నా అంచనా అయితే సగం. ఇంకోటి, మిగిలిన సగం సాచెట్ దాచడం చిరాకు, తేమ తగలకుండా మడిచి గాలి చొరని డబ్బాలో పెట్టుకోవాలి, అది కంపెనీ తప్పనను, వాళ్ళు కుక్కల కోసం చెయ్యలేదుగా. ఫ్రిజ్ అయితే అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా, ఇంట్లో ఉంది కదా అని మనుషులకి విరేచనాలు ఆపడానికి వాడే లోపెరమైడ్ మాత్ర వేసెయ్యకండి, కోలీ లాంటి కొన్ని జాతులకి అది ప్రమాదం. రక్తం పడుతున్నా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్ళు పాలిపోయి జిగటగా ఉన్నా, మెడ మీద చర్మం పట్టి లాగి వదిలితే వెంటనే వెనక్కి వెళ్ళకపోయినా సాచెట్ పక్కన పెట్టి ఆసుపత్రికి పరిగెత్తడమే. ముఖ్యంగా టీకాలు పూర్తికాని చిన్న కుక్కపిల్లలైతే, అది నులిపురుగుల మందు వల్లే అనుకుని ఇంట్లో కూర్చుంటే అవతల పార్వో (ప్రాణం తీసే వైరస్ జబ్బు) కావచ్చు, దానికి ఈ పొడి ఏమీ చెయ్యలేదు.

వచ్చే డీవార్మింగ్‌కి మాత్రం మాత్రని ఖాళీ కడుపున కాకుండా అన్నంతో కలిపి వేస్తాం, డాక్టర్ గారు సరేనంటే సాచెట్లు కూడా ముందే తెచ్చి పెట్టుకుంటాం.