ఫౌజీ కుటుంబాలకు 70 శాతం తగ్గింపు మందుల కార్డు: డబ్బులు కట్టే ముందు ఇది చదవండి

హనుమకొండ, కాజీపేట, పరకాల వైపు మాజీ సైనికుల ఇండ్లకు కొందరు పిల్లలు బండ్ల మీద తిరుగుతున్నారు. మెడలో ట్యాగు, చేతిలో మూడు రంగుల కార్డు. ఏడాదికి 999 రూపాయలు కడితే వాళ్ళ మెడికల్ షాపులో ఫౌజోళ్ళకు 70 శాతం తగ్గింపట. మా బాపు రిటైర్డ్ హవల్దార్. ఆయన ఆ కార్డు తీసుకున్నారు. దాంతో కొన్న మందుల చిట్టీలన్నీ ముందర పెట్టుకుని రాస్తున్నా. మీరు తీసుకోకండి.

తగ్గింపు అబద్ధం కాదు, 70 శాతం నిజంగానే కొట్టేశారు. దేని మీద కొట్టేశారో చూడాలి. బాపు కొలెస్ట్రాల్‌కు రోసువాస్టాటిన్ 10 వాడతారు. ఎప్పుడూ తెచ్చుకునే కంపెనీది పక్కన పెట్టి, మేము ఎన్నడూ పేరు వినని కంపెనీది చేతిలో పెట్టారు. పది బిళ్ళల స్ట్రిప్ మీద ఎమ్మార్పీ 240. తగ్గింపు పోను 72. ఇంటికొచ్చి "చూసినవా, 168 రూపాయలు మిగిలినయి" అని బాపు సంబురపడ్డారు. అదే రోసువాస్టాటిన్ 10 జన ఔషధి కేంద్రంలో అడిగితే, ఏ కార్డూ లేకుండా, ఆ 72లో సగం కూడా లేదు.

ఇదెట్లా కుదురుతుందంటే, మన దగ్గర అన్ని మందుల ధరలూ ప్రభుత్వం నిర్ణయించదు. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికే ఎన్‌పీపీఏ (మందుల ధరలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) గరిష్ఠ ధర పెడుతుంది. షాపాయనకు వచ్చే 16 శాతం లాభం కూడా అందులోనే లెక్కేస్తారు. జాబితా బయట ఉన్న చాలా మందులకు ఎమ్మార్పీ ఎంత వేసుకోవాలన్నది కంపెనీ ఇష్టం. ఆ తర్వాత ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదు, అంతే. అందుకే కొన్ని కంపెనీలు డాక్టర్ల దగ్గరికి పోకుండా నేరుగా షాపులకు చవకగా అమ్ముతాయి, ఎమ్మార్పీ మాత్రం ఆకాశంలో వేస్తాయి. అందులోంచి షాపాయన 70 శాతం వదులుకున్నా నష్టపోయేదేమీ లేదు.

చిట్టీల్లోనే రుజువుంది. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ 500 గరిష్ఠ ధర ఉన్న మందు, ఎమ్మార్పీని ఇష్టమొచ్చినట్టు పెంచడానికి లేదు. దాని మీద 10 శాతమే ఇచ్చి "దీనికి స్కీము లేదు సార్" అన్నారు. గ్యాస్ బిళ్ళలు, కాల్షియం, విటమిన్ల మీద మాత్రం 70, ఒకదాని మీద 75 కూడా. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది కదా, దాన్ని కూడా "ఫౌజీ స్పెషల్" కింద చెప్పుకుంటున్నారంటే ఆ ధైర్యానికి దండం పెట్టాలి.

డబ్బుల సంగతి అటుంచండి. బీపీకి డాక్టర్ రాసింది ఉత్త టెల్మిసార్టాన్ 40. షాపులో ఇచ్చిన దాని పేరు చివర హెచ్ అని ఉంది. "అదే మందు, కంపెనీ వేరు" అన్నారు. అదే మందు కాదు. హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, ఒంట్లో ఉప్పును, నీళ్ళను మూత్రంలో పంపేసే మందు. పెద్ద వయసువాళ్ళకు సోడియం పడిపోయి కళ్ళు తిరగొచ్చు. ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) పాలీక్లినిక్‌లో ఫార్మసిస్టు స్ట్రిప్ చూసి పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. స్ట్రిప్ మీద పెద్ద అక్షరాల పేరు వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరును, మిల్లీగ్రాములను డాక్టర్ చీటీతో పోల్చుకోండి.

ఇంకో దెబ్బ, ఈసీహెచ్ఎస్ నుంచి మందుల డబ్బు వాపసు తీసుకునే క్లెయిము దగ్గర. పాలీక్లినిక్‌లో స్టాకు లేదని ఎన్ఏ (నాట్ అవైలబుల్) రాసిచ్చిన మందును కూడా ఈ షాపులోనే కొన్నాం. చేతికి వచ్చింది కచ్చా చిట్టీ. బ్యాచ్ నంబరు లేదు, ఎక్స్‌పైరీ తేదీ లేదు, డ్రగ్ లైసెన్సు నంబరు లేదు. పక్కా బిల్లు అడిగితే "కార్డు రేటుకు బిల్లు రాదు" అన్నారు. బిల్లు లేకుంటే క్లెయిము లేదు.

పరకాలలో ఉండే మా మేనత్త వీరనారి, అంటే అమరుడైన సైనికుడి భార్య. ఆమె దగ్గర ఈసీహెచ్ఎస్ కార్డు ఫోటో తీసుకుని, ఫోనుకు వచ్చిన ఓటీపీ కూడా అడిగారు. ఆమె చెప్పలేదు, మంచిదైంది. ఫౌజీ కార్డు అమ్మేవాళ్ళకు మీ ఈసీహెచ్ఎస్ కార్డు నంబరుతో పనేంటి? 2003లో మొదలైన ఆ పథకానికి చందా ఒక్కసారే. ఏటా రెన్యూవల్ అని ఎవరొచ్చినా గేటు దగ్గరి నుంచే పంపించేయండి.

మందుల ఖర్చు తగ్గాలంటే ముందు పాలీక్లినిక్‌లో అడగండి. అక్కడ దొరికినవి ఉచితం. దొరకనివాటికి ఎన్ఏ రాయించుకుని పక్కా బిల్లుతో కొనండి. సొంత డబ్బుతో కొనేవాటికి డాక్టర్‌ను మందు అసలు పేరు రాయమని అడిగి, జన ఔషధిలో చూడండి. ఫార్మా సహీ దామ్ యాప్‌లో గరిష్ఠ ధరలు కనిపిస్తాయి. శాతాలు మర్చిపోయి, ఒక్క బిళ్ళకు ఎంత పడిందో లెక్కేయండి.

999 వాపసు అడిగితే "యాప్‌లో రిక్వెస్ట్ పెట్టండి" అన్నారు. ఆ యాప్ తెరుచుకోదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాం. మార్చి ఇచ్చిన టెల్మిసార్టాన్ సంగతి స్ట్రిప్ ఫోటోతో సహా ఔషధ నియంత్రణ విభాగానికి పంపాం. మీ దగ్గర కూడా చిట్టీలుంటే పారేయకండి.