గోల్ఫ్‌కి ఏది సాయం: క్రికెట్టా, షటిలా?

వైజాగ్‌లో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌కి వెళ్లాలనుకునే కుర్రాళ్లు నన్ను అడిగే ప్రశ్నే ఇది.

క్రికెట్ ఆడినవాళ్లకి బలం కొత్తగా తెచ్చుకోనక్కర్లేదు. లాంగాన్ మీదుగా సిక్స్ కొట్టేటప్పుడు నడుము తిరగడం, బరువు వెనక కాలి నుంచి ముందు కాలికి మారడం గోల్ఫ్‌లో డ్రైవ్‌కి, అంటే బంతిని దూరంగా పంపే మొదటి దెబ్బకి, నేరుగా పనికొస్తాయి, కపిల్ దేవ్ రిటైరయ్యాక గోల్ఫ్‌ని అంత గట్టిగా పట్టుకున్నాడంటే నాకేం ఆశ్చర్యం లేదు. కానీ బంతి మీదకి ముందుకాలు వేసే అలవాటు ఉందే, అదే కొంప ముంచుతుంది, ఎందుకంటే ఇక్కడ బంతి కదలదు, కాబట్టి మనం దాని మీదకి వెళ్లకూడదు, పైగా స్ట్రెయిట్ డ్రైవ్‌లో బ్యాట్ నిలువుగా దిగితే గోల్ఫ్ క్లబ్ ఏటవాలుగా ఒంటి చుట్టూ తిరగాలి. ఇది మానడానికి నెలలు పడుతుంది.

షటిల్ వాళ్లది చేతి నేర్పు. నెట్ దగ్గర డ్రాప్ వేసిన చేతికి ఎంత మెల్లగా తాకితే ఎంత దూరం పోతుందో తెలుసు, గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) పక్కన చిప్ (బంతిని కాస్త లేపి గుంత దగ్గరికి వేసే చిన్న దెబ్బ) కొట్టేటప్పుడు అది బంగారం. చివర్లో మణికట్టు విదిలించడం మాత్రం మానాలి, పట్టింగ్‌లో, అంటే గ్రీన్ మీద బంతిని గుంతలోకి దొర్లించేటప్పుడు, అది దిశ చెడగొడుతుంది.

నా ఓటు షటిల్‌కే. సముద్రపు గాలిలో 46 గ్రాములు కూడా లేని బంతిని ఎంత బలంగా కొట్టినా పక్కకి పోతుంది, మెల్లగా కొట్టడం వచ్చినవాడు గ్రీన్ దగ్గర దాన్ని సరిదిద్దుకోగలడు.