పదహారేళ్ల ఆల్టో, నైలాన్ దారం, కొలతటేపు: ఇంటి దగ్గర వీల్ అలైన్‌మెంట్‌పై తొమ్మిదేళ్ల అనుభవం

2013లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2009 మోడల్ మారుతి ఆల్టోను ఇప్పటికీ నేనే నడుపుతున్నాను. కొన్ననాడు 52,000 కిలోమీటర్లు చూపిన మీటరు ఇటీవల 1,84,000 దాటింది. ఇల్లు తిరుపతిలో, ఉద్యోగం చిత్తూరులో. సోమవారం తెల్లవారుజామున చంద్రగిరి మీదుగా వెళ్లి శనివారం సాయంత్రం తిరిగి రావడం, ఏడాదిలో నాలుగైదు సార్లు కొండకు వెళ్లి దిగడం, అప్పుడప్పుడు పుత్తూరు, నగరి దారిలో చెన్నై వెళ్లి రావడం, స్థూలంగా ఈ బండి జీవితం ఇది. మొదటి మూడేళ్లూ ప్రతి చిన్న పనికీ మెకానిక్ దగ్గరికే వెళ్లాను. తరువాతి కాలంలో వీల్ అలైన్‌మెంట్‌తో (చక్రాలు సరైన దిక్కులో, సరైన వాలులో నిలిచేట్టు సర్దడం) సహా చాలా పనులు ఇంటి ముందరి సిమెంటు నేలపైనే చేసుకుంటూ వచ్చాను. ఆ పద్ధతి ఎంతవరకు పనికివస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది నా అనుభవం మేరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. పాత బండి ఒక పక్కకు లాగుతోందనగానే అలైన్‌మెంట్ సెంటరుకు తీసుకుపోవడం చాలామంది చేసే పొరపాటు. స్టీరింగుకూ చక్రానికీ మధ్యనున్న కీళ్లలో వదులుతనం ఉన్నంతకాలం ఎంత ఖరీదైన యంత్రంతో కొలిచినా ఆ కొలత బండి కదిలిన మరుక్షణం మారిపోతుంది. ముందు కీళ్లు, ఆ తరువాత టైర్ల గాలి, చిట్టచివర అలైన్‌మెంట్ అనే వరుస తప్పితే డబ్బూ పోతుంది, టైర్లూ పోతాయి.

ఈ సంగతి నాకు 2016లో రెండు కొత్త టైర్లు పోగొట్టుకున్నాక తెలిసింది. టైర్లు వేయించిన రోజునే ఊళ్లోని ఒక సెంటరులో కంప్యూటర్ అలైన్‌మెంట్ చేయించాను. చేతికిచ్చిన కాగితంలో అంకెలన్నీ పచ్చరంగులో, అంటే సరైన హద్దుల్లోనే, ఉన్నాయి. అయినా నెల తిరగకముందే బండి ఎడమకు లాగడం మొదలుపెట్టింది. మళ్లీ వెళ్తే మళ్లీ సర్ది, మళ్లీ పచ్చ అంకెల కాగితం ఇచ్చారు. రెండుసార్లూ ఎవరూ చక్రాన్ని పైకెత్తి కదిపి చూడలేదు. 9,000 కిలోమీటర్లకే రెండు టైర్ల అంచులూ రంపపు పళ్లలా అరిగిపోయాయి. ఒక ఆదివారం ఎడమ చక్రాన్ని జాకీతో లేపి రెండు చేతులతో అటూఇటూ ఊపి చూస్తే టై రాడ్ ఎండ్‌లో (స్టీరింగు కడ్డీని చక్రానికి కలిపే చివరి కీలు) టకటకమని ప్లే, అంటే వదులుతనం, స్పష్టంగా తెలిసింది. యంత్రంపై నిలబెట్టినప్పుడు బండి కదలదు కనుక ఆ ప్లే కొలతలో కనబడలేదు. రోడ్డుపై యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆ చక్రం ఒక తీరుగా, బ్రేకు వేసినప్పుడు ఇంకో తీరుగా తిరుగుతూ వచ్చింది. టైర్ల ధరతో పోలిస్తే టై రాడ్ ఎండ్ ధర చాలా చిన్నది.

అసలు అలైన్‌మెంట్‌లో టో అనే కొలత అంటే ఏమిటో, అది కొద్దిగా తప్పితే టైరు ఎందుకు అంతగా అరుగుతుందో లెక్కతో చూస్తే మనసుకు పడుతుంది. ఒకే ఇరుసుపైనున్న రెండు చక్రాల ముందు అంచుల మధ్య దూరానికీ, వెనుక అంచుల మధ్య దూరానికీ ఉండే తేడాయే టో. ముందు దూరం తక్కువైతే టో ఇన్, ఎక్కువైతే టో అవుట్. నా బండి టైరు సైజు 145/80 ఆర్12, అంటే వ్యాసం దాదాపు 537 మి.మీ. మొత్తం టో 3 మి.మీ. తప్పిందనుకుంటే ఒక్కో చక్రం వాటా 1.5 మి.మీ. అప్పుడు ఆ చక్రం ప్రతి కిలోమీటరుకూ దాదాపు 2.8 మీటర్లు పక్కకు ఈడ్చుకుంటూ పోయినట్టు లెక్క. తిరుపతి నుంచి చిత్తూరు చేరేసరికి ఆ టైరు తారుపై సుమారు 200 మీటర్లు అడ్డంగా రాసుకుంటుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండకు కాగిన రోడ్డుపై ఆ రాపిడికి రబ్బరు ఎంత నిలుస్తుందో చెప్పనక్కరలేదు.

అందువల్ల ఇప్పుడు ప్రతి రెండు నెలలకొకసారి టైరును చేత్తో తడిమి చూస్తాను. అరచేతిని టైరుపై బయటి నుంచి లోపలికి జరిపినప్పుడు నునుపుగా ఉండి, లోపలి నుంచి బయటికి జరిపినప్పుడు గరుకుగా గుచ్చుకుంటే టో ఇన్ ఎక్కువైందని, దానికి తిరగబడితే టో అవుట్ ఎక్కువైందని అర్థం. ఒక్క అంచే నున్నగా అరిగితే క్యాంబర్‌ను (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం), రెండంచులూ అరిగితే గాలి తక్కువగా ఉండడాన్ని, నడిమి భాగమే అరిగితే గాలి ఎక్కువ కావడాన్ని, అక్కడక్కడా గుంటలు పడితే షాకబ్జర్లను అనుమానించాలి. కంటికి కనబడేసరికి టైరు సగం పోయి ఉంటుంది, చేతికి అంతకంటే చాలా ముందే తెలుస్తుంది.

ప్లే చూసే పద్ధతి కూడా కష్టమైనదేమీ కాదు. బండిని ఫస్టు గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి స్టాండ్లపై దించాలి. ఈ ఒక్క విషయంలో ఎవరూ రాజీ పడవద్దని వేడుకుంటున్నాను. జాకీ ఎత్తడానికి మాత్రమే, మోయడానికి స్టాండ్లు ఉండాలి. ఇటుకలపై, సిమెంటు దిమ్మెలపై నిలబెట్టిన బండి కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటం. తరువాత చక్రాన్ని కుడి, ఎడమ అంచుల దగ్గర పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్‌లోని, ర్యాక్‌లోని (స్టీరింగు తిప్పుడును చక్రాలకు చేర్చే పళ్ల కడ్డీ) ప్లే తెలుస్తుంది. పైనా కిందా పట్టుకుని ఊపితే వీల్ బేరింగ్, బాల్ జాయింట్ సంగతి బయటపడుతుంది. ఒకరు ఊపుతుండగా ఇంకొకరు ఆ కీలుపై వేలు ఆనించి ఉంచితే ఏ కీలు వదులో వేలికే తెలిసిపోతుంది. మా ఇంట్లో ఈ వేలు పెట్టే పని మా అబ్బాయిది. పదో తరగతిలో మొదలుపెట్టాడు, ఇప్పుడు నాకంటే వాడికే బాగా తెలుసు.

టై రాడ్ ఎండ్ మార్చడం నేను ఇంట్లో చేసిన మొదటి పెద్ద పని. స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా అడ్డు పెట్టే చీలిన పిన్ను) తీసి, నట్టు విప్పి, చక్రాన్ని మోసే స్టీరింగ్ నకిల్‌లో ఆ కీలు కూర్చునే కన్నం అంచుకు ఒకవైపు బరువైన ఇనుము ఆనించి రెండోవైపు సుత్తితో నాలుగు గట్టి దెబ్బలు వేస్తే బిగుసుకున్న కీలు ఊడివస్తుంది. పాత ఎండ్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుని కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కిస్తే టో దాదాపు పాతచోటికే వస్తుంది. అయితే ‘దాదాపు’ సరిపోదు కనుక కొలత తప్పనిసరి. విప్పిన స్ప్లిట్ పిన్నును తిరిగి వాడకూడదు. కొత్తదానికి అయ్యే ఖర్చు లెక్కలోకి కూడా రాదు.

ఇక కొలత. మొదట కావలసింది సమతలమైన నేల. మేస్త్రీలు పునాది మట్టం చూసుకోవడానికి వాడే నీటి ట్యూబుతో మా ఇంటి ముందరి నేలను చూస్తే వీధివైపు 11 మి.మీ. దిగుడుగా ఉంది. ఆ వైపు చక్రాల కింద పలుచని పలకలు పెట్టి సరిచేసుకున్నాను. ముందు చక్రాల కింద మాత్రం ఇల్లు కట్టగా మిగిలిన నున్నని టైల్స్ రెండేసి చొప్పున, నునుపు ముఖాలు ఒకదానికొకటి ఎదురుగా ఉండేట్టు, మధ్యలో గ్రీజు పూసి పెడతాను. ఇవి లేకపోతే జాకీ దించాక చక్రం నేలకు అతుక్కుని తన సహజమైన చోటికి రాదు, కొలత అబద్ధం చెబుతుంది. ఈ చిన్న ఉపాయం తెలియక మొదటి ఏడాది మూడుసార్లు కొలిచి మూడు వేర్వేరు అంకెలు తెచ్చుకున్నాను.

దారం పద్ధతిలో బండికి రెండువైపులా, చక్రం నడిమి ఎత్తులో, ముందు నుంచి వెనుక దాకా నైలాన్ దారాన్ని స్టాండ్లకు బిగించి కట్టాలి. దారం వెనుక చక్రం మధ్యభాగానికి ఎంత దూరంలో ఉందో ముందు చక్రానికీ అంతే దూరంలో ఉండాలని చాలామంది చెబుతారు కానీ, అనేక బండ్లలో ముందు రెండు చక్రాల మధ్య వెడల్పు, వెనుక రెండు చక్రాల మధ్య వెడల్పు సమానంగా ఉండవు. ఆ తేడాలో సగాన్ని ఒక్కోవైపు లెక్కలోకి తీసుకోకపోతే స్టీరింగు వంకరగా నిలుస్తుంది. దారం కుదిరాక రిమ్ము ముందు అంచు నుంచి, వెనుక అంచు నుంచి దారం వరకు స్టీలు స్కేలుతో కొలిస్తే ఆ చక్రం ఎటు తిరిగి ఉందో వెంటనే తెలుస్తుంది. ఏ చక్రం ఎంత తప్పిందో విడివిడిగా చెప్పడం ఈ పద్ధతిలోని గొప్ప మేలు.

దీన్ని సరిచూసుకోవడానికి సుద్దగీత పద్ధతి వాడతాను. చక్రాలు లేచి ఉండగానే తిప్పుతూ టైరు మధ్యలో సన్నని గీత గీసి, బండి దించి, వెనుకవైపు రెండు గీతల మధ్య దూరాన్ని కొలుస్తాను. ఆ ఎత్తులో కొలతటేపుకు ఇంజిను భాగాలు అడ్డం వస్తాయి కాబట్టి తూకం గుండు వేలాడదీసి ఆ బిందువులను నేలపైకి దించుకుంటాను. తరువాత బండిని చక్రం సగం చుట్టు, అంటే సుమారు 84 సెంటీమీటర్లు, ముందుకు నెట్టి అవే బిందువులు ముందువైపుకు వచ్చాక మళ్లీ కొలుస్తాను. ఒకే బిందువును రెండుచోట్లా కొలవడం వల్ల రిమ్ములో చిన్న వంకర ఉన్నా లెక్క చెడదు. ఆ నెట్టుడుకు తావు ఉండేట్టు టైల్స్ తీసివేయడం మరువకూడదు.

సర్దడానికి లాక్ నట్టు వదులు చేసి టై రాడ్‌ను ఒక్కోసారి చుట్టులో ఎనిమిదో వంతు మాత్రమే, రెండువైపులా సమానంగా తిప్పాలి. ఒక్కవైపే తిప్పితే టో కుదిరినా స్టీరింగు చక్రం పక్కకు తిరిగి ఉంటుంది. పని ముగిశాక ర్యాక్ రబ్బరు బూటు మెలి తిరగకుండా చూసుకోవాలి. మెలి తిరిగిన బూటు చిరిగితే దుమ్ము, నీరు లోపలికి చేరి ర్యాక్‌నే తినేస్తాయి.

ఇంత శ్రమకు ఫలితం ఎలా ఉందంటే, గత తొమ్మిదేళ్లలో ఇంట్లో సర్దిన తరువాత ఆరుసార్లు కావాలనే కంప్యూటర్ సెంటరులో కొలిపించాను. నా టైరు వ్యాసానికి 1 మి.మీ. టో అంటే కోణంలో దాదాపు 6 నిమిషాలు (డిగ్రీలో పదో వంతు) కనుక కాగితంలోని అంకెతో నా అంకెను పోల్చడం సులభం. నాలుగుసార్లు తేడా 1 మి.మీ. లోపే వచ్చింది, రెండుసార్లు 2 మి.మీ. దగ్గరికి వెళ్లింది. ఆ రెండూ గాలి సరిచూసుకోకుండా తొందరపడి చేసినవే. 2017లో వేసిన తరువాతి జత టైర్లు 41,000 కిలోమీటర్లు నడిచి, అంచు నుంచి అంచు వరకు సమానంగా అరిగాయి.

అయినా కంప్యూటర్ కొలతను నేను తక్కువ చేయడం లేదు. నా బండిలో ముందు చక్రాలకు టో తప్ప క్యాంబర్, కాస్టర్ (చక్రం పక్కకు తిరిగే అక్షం ముందుకో వెనక్కో వాలే కోణం) సర్దే ఏర్పాటు లేదు, వెనుక ఇరుసుకు అసలేదీ లేదు. అలాగని ఆ అంకెలు అనవసరం కావు. 2021 నవంబరు వరదల తరువాత కొన్ని వారాల పాటు ఊరి రోడ్ల మీద నీళ్లు నిలిచిన గుంతలు కనబడేవి కావు. అలాంటి ఒక గుంతలో ఎడమ చక్రం పడ్డాక టో సరిచేసినా బండి లాగడం మానలేదు. సెంటరులో కొలిపిస్తే ఎడమ క్యాంబర్ కుడిదానికంటే ఒక డిగ్రీకి పైగా తేడా చూపింది. సర్దే ఏర్పాటే లేనిచోట అంత తేడా వచ్చిందంటే ఏదో ఒక భాగం వంగిందని అర్థం. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు బండికి కలిపే ఇనుప చేయి) వంగినట్టు తేలి దాన్ని మార్పించాను. నా దారమూ టేపూ ఈ సంగతిని ఎన్నటికీ చెప్పలేవు. గట్టి దెబ్బ తగిలిన బండిని నేరుగా యంత్రం దగ్గరికే తీసుకుపోవాలి.

లాగుడంతా అలైన్‌మెంట్ వల్లనే కాదని కూడా గుర్తుంచుకోవాలి. ముందు టైర్లను కుడి ఎడమలు మార్చి చూసినప్పుడు లాగుడు దిక్కు మారితే దోషం టైరుది. కొంతదూరం నడిపి ఆపాక ఒక రిమ్ము మాత్రమే వేడెక్కి ఉంటే బ్రేకు పట్టుకుంటోందని గ్రహించాలి. ఎనభై వేగంలో స్టీరింగు వణికితే అది బ్యాలెన్సింగ్ (చక్రం బరువును చుట్టూ సమానం చేయడం) పని, అలైన్‌మెంట్‌తో పోదు.

బ్రేకుల మాట వచ్చింది కనుక కొండ దారి గురించి చెప్పాలి. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974 నాటి రెండోది ఎక్కడానికి వాడుతున్నారు. దిగడానికి 40 నిమిషాలకు తగ్గకూడదన్న నిబంధన పాత బండికి నిజంగా మేలు చేస్తుంది. సెకండ్ గేరులో ఇంజినుతోనే వేగం పట్టి ఉంచితే బ్రేకుపై భారం తగ్గుతుంది. డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదు. గాలిలోని తేమను పీల్చుకున్నాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవచ్చు. అందుకే ప్యాడ్లు నేనే మార్చుకున్నా, రెండేళ్లకొకసారి ఆయిల్ మార్చి గాలి తీసే పనిని మాత్రం అనుభవమున్న మెకానిక్‌కే అప్పగిస్తాను. టైమింగ్ బెల్టు, క్లచ్చు కూడా అంతే. స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, కూలెంట్, బల్బులు, బ్యాటరీ టెర్మినళ్లు ఇంటిపనులే. మన కరకంబాడిలో తయారైన అమరాన్ బ్యాటరీయే వాడుతున్నాను. టెర్మినళ్లపై తెల్లని బూజు పడితే నెగెటివ్‌ను ముందుగా విప్పి, వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక వాజలీన్ పూస్తే చాలు.

పనిముట్లలో నేను కొన్నవాటన్నిటిలోకీ విలువైనది టార్క్ రెంచి. వీల్ నట్లు కాలితో తొక్కి బిగించే అలవాటు వల్ల స్టడ్డు మర పాడైన అనుభవం నాకుంది. మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు బిగించడం మొదలుపెట్టాక ఆ బెడద మళ్లీ రాలేదు. తరువాతి స్థానం స్టాండ్లది, ఆ తరువాత సొంత గాలి గేజీది. బంకుల్లోని గేజీలు ఒకదానికొకటి కలవవు. చల్లటి టైరుకు, తెల్లవారుజామున, ఒకే గేజీతో చూసుకున్న అంకెనే నమ్ముతాను.

2024లో పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వెళ్లినప్పుడు ఫిట్‌నెస్ తనిఖీలో స్టీరింగు, బ్రేకులు మొదటిసారే గట్టెక్కాయి. ఇంకో ఐదేళ్ల గడువు దొరికింది. ప్రస్తుతం కుడివైపు లోయర్ ఆర్మ్ బుష్ (కీలులోని రబ్బరు తొడుగు) పగుళ్లిచ్చింది, గతుకులపై చిన్న శబ్దం వస్తోంది. కొత్త బుష్‌లు తెచ్చి పెట్టాను. ప్రెస్సు కావాలి కనుక వాటిని ఎక్కించే పని ఆటోనగర్‌లో, తరువాతి టో కొలత మాత్రం వచ్చే ఆదివారం ఇంటి ముందర, ఆ టైల్స్ మీదే.