ఫైటర్ చేప పోయింది: కమోడా, చెరువా, కుండీయా?

ఆదివారం పొద్దున్నే మా వాడు వచ్చి నా దుప్పటి లాగాడు. "అమ్మా, నీలూ కదలట్లేదు." నీలూ అంటే మా ఫైటర్ చేప. రెండేళ్లుగా డైనింగ్ టేబుల్ పక్కన గాజు తొట్టిలో ఉంటోంది. ఫైటర్లు అప్పుడప్పుడు ఆకు మీద పక్కకి ఒరిగి పడుకుంటాయి కాబట్టి వెంటనే నమ్మలేదు. చిన్న వలతో కదిపి, కాసేపు అలాగే చూశాను. మొప్పలు ఆడటం లేదు. కంటి మీద తెల్లటి పొర కమ్మేసింది.

వేలెడంత చేపకి ఇంట్లో మూడు అభిప్రాయాలు. మా ఆయన "కమోడ్‌లో వేసి ఫ్లష్ కొట్టెయ్" అన్నారు. అత్తయ్య "నీళ్లలో బతికిన ప్రాణి, నీళ్లలోనే కలపాలమ్మా, చెరువులో వదిలి రండి" అన్నారు. మా వాడికి దాన్ని ఎక్కడికీ పంపడం ఇష్టం లేదు. టిఫిన్ అయ్యాక తేలుద్దామని కవర్లో చుట్టి ఫ్రీజర్లో ఒక మూల పెట్టాను.

ముందు ఫ్లష్ సంగతి. రెండంగుళాల చేప పైపుకి అడ్డం పడదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అది ఏ రోగంతో పోయిందో మనకి తెలియదు. మా హైదరాబాద్ మురుగంతా శుభ్రంగా శుద్ధి అయ్యాకే మూసీలో కలుస్తోందా అంటే, లేదు. అలాంటప్పుడు రోగాన్ని కూడా ఆ నీళ్లతో పంపడం ఎందుకు? పైగా అది పూర్తిగా పోకుండానే ఫ్లష్ చేస్తే అంతకన్నా ఘోరం లేదు. ఇంకో చిక్కు మా ఆయనకి తట్టలేదు. ఏడేళ్ల పిల్లాడు నీలూ వెళ్లిపోయిన అదే కమోడ్ మీద రేపు పొద్దున కూర్చోవాలి.

చెరువు మాట దగ్గర నేనూ కాస్త ఆగాను. మనకి నీళ్లలో కలపడం అంటే గౌరవం. వినాయకుడినీ అలాగే సాగనంపుతాం, అస్థికల్నీ అలాగే కలుపుతాం. అందుకే అత్తయ్యని తప్పు పట్టలేను. కానీ ఇక్కడ నష్టపోయేది చెరువులో ఉన్న చేపలు. ఫైటర్ మన నీళ్ల చేప కాదు, దాని పుట్టిల్లు థాయ్‌లాండ్ వైపు. షాపు తొట్టెల్లో ఒకదాన్నించి ఒకదానికి అంటుకునే పరాన్నజీవులు, బ్యాక్టీరియా దాని ఒంట్లో ఉండొచ్చు. వాటిని తట్టుకునే శక్తి మన చెరువు చేపలకి ఉంటుందన్న భరోసా లేదు.

అక్వేరియం చేపల్ని "పాపం, బతకనీ" అని చెరువుల్లో వదిలితే ఏమవుతుందో దెయ్యం చేపని చూస్తే తెలుస్తుంది. తొట్టి గోడల మీద నాచు తింటుందని కొనే ఆ నల్లటి ముళ్ల చేపది దక్షిణ అమెరికా. ఇప్పుడది మన చెరువుల్లో, కాలువల్లో పెరుగుతోంది. వలలో పడితే ముళ్లతో వల చింపేస్తుంది, అమ్ముదామంటే కొనేవాళ్లుండరు. తూర్పు కనుమల నీటి వనరుల్లో ఇది ఎంత దూరం పాకిందో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలోని డీఎన్‌ఏ ఆనవాళ్లతో పట్టుకున్నారు. "అది బతికున్న చేప, ఇది చచ్చింది, పిల్లలు పెట్టదుగా" అన్నారు అత్తయ్య. నిజమే. రోగం మాత్రం చచ్చిన చేపతో కూడా వెళ్తుంది.

మనుషులు సిగ్గుపడేది చెత్తబుట్ట దగ్గర. అంత సిగ్గు అక్కర్లేదనిపిస్తుంది నాకు. ఆదివారం పూట కొన్న బొచ్చె పొలుసులూ తోకా ఎక్కడికి వెళ్తున్నాయి? తడి చెత్తలోకే. ఇంట్లో గుప్పెడు మట్టి లేనివాళ్లకి, లేదా చనిపోయింది జానెడు గోల్డ్‌ఫిష్ అయితే, ఇదే మంచి దారి. కాగితంలో చుట్టి ఫ్రీజర్లో ఉంచి, చెత్త బండి వచ్చే పొద్దున ఆకుపచ్చ బుట్టలో వేసి ఇచ్చేయాలి. రాత్రే మెట్ల దగ్గర పెడితే పిల్లి ఊరుకోదు. ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది గానీ, కుక్కకీ పిల్లికీ అయితే సరే, నీలూ కోసం అంత దూరం ఆటో కట్టించుకుని వెళ్లే ధైర్యం నాకు లేదు.

నా ఓటు కుండీకి. చేప మట్టికి మంచిదని మన రైతులకి ఎవరూ చెప్పక్కర్లేదు. చేపలూ బెల్లం సమానంగా కలిపి మాగబెట్టి మీనామృతం చేసి పైరు మీద కొడుతూనే ఉన్నారు. కుండీ మాత్రం కాస్త పెద్దది కావాలి. చేప మీద కనీసం ఆరంగుళాల మట్టి పడితే వాసన రాదు. ప్లాస్టిక్ కవర్ తీసేసి, ఉత్త కాగితంలోనో ఆకులోనో చుట్టాలి. ఉప్పు చల్లమని ఎవరో ఒకరు చెబుతారు, వినకండి, మొక్క చస్తుంది. చేపకి మలకైట్ గ్రీన్, ఫార్మలిన్ లాంటి మందులు వాడి ఉంటే మాత్రం కరివేపాకు, పుదీనా కుండీల జోలికి పోవద్దు. చేతికి గాయం ఉంటే గ్లవ్స్ తప్పనిసరి. చేపలకొచ్చే టీబీ లాంటి బ్యాక్టీరియా ఒకటి గాయంలోంచి మన చర్మానికి పట్టగలదు. తొట్టిలో ఇంకా చేపలుంటే వెంటనే కొంత నీళ్లు మార్చండి, చచ్చిన చేప కుళ్లితే అమ్మోనియా పెరుగుతుంది.

తులసి కుండీ వద్దని అత్తయ్య గట్టిగా చెప్పారు. మందార కుండీ తీశాం. మా వాడు నీలూ మేత డబ్బాలోంచి నాలుగు గుళికలు లెక్కపెట్టి గుంటలో వేశాడు. మట్టి కప్పి, పై ఫ్లోర్ పిల్లి తవ్వకుండా పగిలిన టైలు ముక్క పెట్టాను. అత్తయ్య లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి టైలు చుట్టూ పోశారు. "ఇంక నీళ్లలో కలిపినట్టే" అన్నారు.