మీటరు వెనక్కి జరిగిన ఇంజిన్: యూనిమాగ్ యు 5023 సమీక్ష

మెర్సిడెస్-బెంజ్ 2013లో యు 4023, యు 5023 అనే రెండు కొత్త యూనిమాగ్ ట్రక్కులను, అంటే దారిలేని చోట్ల కూడా నడిచే బళ్లను, ప్రవేశపెట్టింది. వాటిలో అన్నిటికంటే పెద్ద మార్పు బయటికి కనిపించదు. అంతకుముందు ముందు యాక్సిల్ (చక్రాల ఇరుసు) దగ్గరే ఉండే ఇంజిన్‌ను సుమారు ఒక మీటరు వెనక్కి జరిపి, రెండు యాక్సిళ్ల మధ్య భాగానికి తెచ్చారు. 5.1 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, 231 హార్స్‌పవర్, 900 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం), ఎనిమిది ముందు గేర్లు, ఆరు రివర్స్ గేర్లు అన్న అంకెలను ఎవరైనా చదువుకోవచ్చు. ఇంజిన్‌ను అంత దూరం జరపడం వల్ల బండి తూకం, అంటే ముందు వెనుక చక్రాల మధ్య బరువు పంపకం, నిజంగా ఎంత మెరుగుపడిందన్నదే ఇక్కడ చూడవలసిన విషయం.

ముందుగా ఒక చిన్న లెక్క వేద్దాం. ఈ బండి వీల్‌బేస్, అంటే ముందు వెనుక యాక్సిళ్ల మధ్య దూరం, 3,850 మిల్లీమీటర్లు. ఇంజిన్ బరువు 500 కిలోలని అనుకుంటే, దానిని ఒక మీటరు వెనక్కి జరిపినప్పుడు ముందు యాక్సిల్ మీద సుమారు 130 కిలోల భారం తగ్గి, అంతే భారం వెనుక యాక్సిల్ మీదికి చేరుతుంది. నిండుగా 14.5 టన్నుల వరకు తూగగల యు 5023లో ఇది ఒక శాతం కూడా కాదు. కాబట్టి ఇంజిన్ మధ్యకు వచ్చింది గనుక బండి పూర్తిగా మారిపోయిందని ప్రచారంలో వినిపించే మాటను కొంత తగ్గించి వినడం మంచిదని నా అభిప్రాయం.

అయితే నిలబడి ఉన్న బండి తూకం ఒకటి, కదిలే బండి తీరు మరొకటి. కావడి రెండు కొసలకు వేలాడే బరువును భుజానికి దగ్గరగా తెచ్చుకుంటే మోసేవాడు సులువుగా పక్కకు తిరగగలడు. మోత మాత్రం తగ్గదు. అదే విధంగా, బరువైన ఇంజిన్ బండి నడిమికి చేరినప్పుడు మొత్తం బరువు మారకపోయినా, గుంతలో ముక్కు దిగి లేచేటప్పుడు కలిగే ఊపు తగ్గుతుంది, స్టీరింగ్ తిప్పిన వెంటనే ముందు భాగం మరింత చురుకుగా స్పందిస్తుంది. ఇసుకలోనూ బురదలోనూ ముందు చక్రాలు తక్కువగా కూరుకుపోవడానికి ఆ 130 కిలోలు సైతం కొంత తోడ్పడతాయి. నిటారుగా దిగేటప్పుడు భారమంతా ముందుకు వాలుతుంది కాబట్టి అక్కడ ప్రయోజనం మరికొంత ఎక్కువే.

ఎక్కేటప్పుడు మాత్రం పరిస్థితి తిరగబడుతుంది. ఈ బండి 45 డిగ్రీల వాలును ఎక్కగలదని సంస్థ చెబుతుంది. అంతటి వాలులో భారం ఎలాగూ వెనుక చక్రాల మీదికే పోతుంది గనుక, నేల మీద పట్టు కోసం ముందు చక్రాలకు కొంత బరువు అవసరం. చిలీలోని ఓహోస్ దెల్ సలాదో అగ్నిపర్వతం మీద 6,694 మీటర్ల ఎత్తుకు చేరిన యూనిమాగ్‌ల సాహసయాత్రలో బరువు కేంద్రాన్ని అవసరాన్ని బట్టి మార్చుకునే ఏర్పాటును అదనంగా వాడారు. ఇంజిన్‌ను ఒకచోట స్థిరపరిచాక ఏ ఒక్క స్థానమూ అన్ని వాలులకూ సరిపోదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

నిజానికి ఈ ట్రక్కు అడవి దారుల్లో నిలదొక్కుకోవడానికి ముఖ్య కారణాలు వేరే ఉన్నాయి. యాక్సిల్‌ను చక్రం మధ్యభాగం కంటే ఎత్తులో నిలిపే పోర్టల్ యాక్సిళ్లు, 30 డిగ్రీల వరకు ఒకదానికొకటి మెలితిరగగల ముందు వెనుక యాక్సిళ్లు, ఆ మెలికకు అనువుగా వంగే ఛాసిస్ (బండి చట్రం), నడుస్తూనే టైర్లలో గాలి మార్చుకునే సదుపాయం – వీటి ముందు ఇంజిన్ స్థానం రెండవ వరుసలోనిదే. 1985లో పారిస్-డాకర్ ర్యాలీలో ట్రక్కుల విభాగాన్ని గెలిచిన యూనిమాగ్‌లో ఇంజిన్ ముందే ఉండేది.

మరి జరపడం వల్ల అసలు లాభం ఎవరికి? నా దృష్టిలో మొదటి లాభం అగ్నిమాపక దళాలది. ఇంజిన్ ఈ స్థానానికి రావడంతో, గేర్‌బాక్స్‌తో నిమిత్తం లేకుండా నేరుగా ఇంజిన్ నుంచే శక్తిని తీసుకుని పంపు వంటి పనిముట్లకు అందించే పీటీఓ అనే సాధనాన్ని అమర్చే వీలు కలిగింది. దానివల్ల బండి నడుస్తూ ఉండగానే పంపు పనిచేస్తుంది. అడవి మంటల అంచు వెంబడి కదులుతూ నీళ్లు చల్లవలసిన వారికి తూకం లెక్కల కంటే ఇది ఎంతో విలువైనది. రెండవ లాభం డ్రైవరుది. క్యాబిన్‌లోకి పొడుచుకు వచ్చిన వేడి బానెట్ పక్కన కూర్చుని మన పాత లారీల్లో రాత్రంతా ప్రయాణించినవారికి, ఇంజిన్ ఒక మీటరు దూరం జరగడమంటే ఏమిటో వేరే చెప్పనవసరం లేదు.

లోపాలు లేకపోలేదు. ఇంజిన్ వెనక్కి వచ్చిన కొద్దీ క్యాబిన్‌కు, బాడీకి మధ్యనున్న చోటు విలువైపోతుంది. బాడీ కట్టేవారు అక్కడ చేయి పట్టనంత ఇరుకు చేస్తే చిన్న రిపేరుకు కూడా మెకానిక్ చిరాకు పడక తప్పదు. పైగా ఇది గంటకు 90 కిలోమీటర్ల లోపే నడిచే బండి గనుక, ఎక్కువ దూరం తారురోడ్డు మీదే సాగేవారికి నేను దీనిని సిఫారసు చేయను. దారిలేని చోటికి పంపు, క్రేన్ వంటి పనిముట్లను మోసుకుపోవలసిన వారికి మాత్రం ఇది తగిన బండి. వారు సైతం బాడీ కట్టించాక, పనిముట్లన్నీ ఎక్కించి, ట్యాంకులు నింపి, ముందు వెనుక యాక్సిళ్లను విడివిడిగా కాటా వేయించాలి. వెనుక భాగంలో పెద్ద నీళ్ల ట్యాంకు బిగిస్తే వచ్చే తేడా, ఇంజిన్‌ను జరిపి సాధించిన 130 కిలోలకు ఎన్నో రెట్లు ఉంటుంది.